సొంత ఎలక్ట్రానిక్స్ పనుల్లో ఇంటి కరెంటు భద్రత (ఉత్తరాంధ్ర)

గోడ ప్లగ్గుకు వచ్చే 230 వోల్టుల కరెంటుతో సొంతంగా సర్క్యూట్లు కట్టేవారు పాటించాల్సిన జాగ్రత్తలివి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఈ కరెంటును విశాఖపట్నం కేంద్రంగా పనిచేసే ఏపీఈపీడీసీఎల్ 50 హెర్ట్జ్‌ల వద్ద సరఫరా చేస్తుంది. 230 అనేది ఆర్‌ఎంఎస్ విలువ. తరంగం శిఖరం దగ్గర వోల్టేజి సుమారు 325 ఉంటుంది.

తీరప్రాంతపు ఉక్కపోతలో ఒళ్ళు చెమటతో తడిస్తే శరీర నిరోధం 1,000 ఓమ్‌ల దాకా పడిపోవచ్చు. అప్పుడు ఒంట్లోంచి 230 మిల్లీయాంపియర్లు పారతాయి. గుండె లయ తప్పడానికి అందులో కొద్ది వంతు చాలు. తడి గచ్చు మీద వట్టి కాళ్ళతో నిలబడి సోల్డరింగ్ చేయడం ఇక్కడ మామూలే గానీ, అది ప్రాణాంతకమైన అలవాటు.

చార్జరు విప్పితే 400 వోల్టులని రాసి ఉన్న గుండ్రటి కెపాసిటరు కనిపిస్తుంది. ప్లగ్గు పీకేసిన తర్వాత కూడా అందులో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు. స్క్రూడ్రైవరుతో దాని కాళ్ళు కలిపితే నిప్పురవ్వలు ఎగురుతాయి. 10 కిలో ఓమ్‌ల, 5 వాట్ల రెసిస్టరును ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులతో కొన్ని సెకన్లు తగిలించి, మల్టీమీటరులో డీసీ వోల్టేజి చూశాకే చెయ్యి పెట్టాలి. చవక ఎల్‌ఈడీ బల్బుల్లో ట్రాన్స్‌ఫార్మరు లేని సర్క్యూట్లు ఉంటాయి. అవుట్‌పుట్ తక్కువ వోల్టేజిలా కనిపించినా, వాటిలో ఏ చోటు ముట్టుకున్నా షాక్ కొట్టవచ్చు. కొత్తగా నేర్చుకునేవారు బీఐఎస్ రిజిస్ట్రేషన్ గుర్తున్న 12 వోల్టుల అడాప్టరుతో మొదలుపెట్టడమే మేలు.

రిపేరు చేసిన బోర్డుకు మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు 100 వాట్ల ఫిలమెంటు బల్బును సీరీస్‌లో పెడతారు. లోపల షార్ట్ ఉంటే బల్బు వెలుగుతుంది, కరెంటు 0.43 యాంపియర్లు దాటదు. ఇది బోర్డును కాపాడుతుంది, మనిషిని కాదు. మనిషికి రక్షణ 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ (లీకేజీ కరెంటును పసిగట్టి సరఫరా ఆపే స్విచ్). అయితే ఒక చేయి ఫేజును, మరో చేయి న్యూట్రల్‌ను తాకితే అది కూడా పడదు.

రంగులను నమ్మకూడదు. కొత్త పవర్ కేబుళ్ళలో నీలం న్యూట్రల్. పాత త్రీఫేజు వైరింగులో నీలం కూడా ఫేజే. టెస్టరు వెలగలేదంటే కరెంటు లేదని కాదు. పాత ఇళ్ళలో మూడో పిన్నుకు ఎర్తు తీగే ఉండకపోవచ్చు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు స్తంభాలు కూలి అక్కడి ఉద్దానం ప్రాంతం రోజుల తరబడి చీకట్లో ఉంది. అలాంటప్పుడు జనరేటరును గోడ ప్లగ్గులోకి కలిపితే, వీధి ట్రాన్స్‌ఫార్మరు వెనక్కి పనిచేసి 11 వేల వోల్టులు లైన్లలోకి ఎక్కుతాయి. వాటి మీద లైన్‌మన్ పనిచేస్తూ ఉండవచ్చు. చేంజోవర్ స్విచ్ లేకుండా జనరేటరు కలపకూడదు.

షాక్ తగిలినవారిని ముట్టుకోకుండా ముందు మెయిన్ కట్టేయాలి. ఊపిరి ఆడకపోతే 108కి ఫోన్ చేయించి, వెంటనే సీపీఆర్ మొదలుపెట్టాలి. తెగిపడిన తీగ కనిపిస్తే 1912కు చెప్పాలి.