వంశధార జల వివాదం

వంశధార నదిపై కట్టడాలు, నీటి వాడకం విషయంలో ఆంధ్రప్రదేశ్, ఒడిశా రాష్ట్రాల మధ్య సాగుతున్న న్యాయ వివాదమిది. 2006లో ఒడిశా కేంద్రానికి ఫిర్యాదు చేయడంతో మొదలై, సుప్రీంకోర్టుకు, అక్కడి నుంచి ట్రిబ్యునల్‌కు, మళ్లీ సుప్రీంకోర్టుకు చేరింది. శ్రీకాకుళం జిల్లాలో టెక్కలి, పలాస ప్రాంతాల వరి సాగు, ఉద్దానం ప్రాంతపు తాగునీరు ఈ నదితోనే ముడిపడి ఉన్నాయి.

వంశధార ఒడిశాలోని కలహండి ప్రాంతపు కొండల్లో పుట్టి, సుమారు 250 కిలోమీటర్లు ప్రవహించి కళింగపట్నం దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. పరీవాహక ప్రాంతంలో దాదాపు నాలుగింట మూడు వంతులు ఒడిశాదే. కిందికి వచ్చాక కొంతమేర నదే రెండు రాష్ట్రాలకు సరిహద్దు. కుడి గట్టున ఆంధ్రలోని భామిని మండలం, ఎడమ గట్టున ఒడిశాలోని గజపతి జిల్లా. వివాదానికి మూలం ఈ కాస్త దూరంలోనే ఉంది.

నీటి పంపకం విషయంలో మొదట పెద్ద పేచీ లేదు. 1962 సెప్టెంబరు 30న రెండు రాష్ట్రాలూ చెరి సగం పంచుకోవాలని ఒప్పుకున్నాయి. నదిలో లభించే నీరు 115 టీఎంసీలని లెక్క కనుక, ఒక్కొక్కరి వాటా 57.5 టీఎంసీలు. ఆ తర్వాత హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీ వచ్చింది. దాని ఎడమ ప్రధాన కాలువ వంద కిలోమీటర్లకు పైగా సాగి టెక్కలి మీదుగా పలాస వైపు చేరుతుంది. ఈ కాలువ కింద నిర్ణయించిన ఆయకట్టు సుమారు 1.48 లక్షల ఎకరాలు. ఈ వంశధార ప్రాజెక్టుకు శ్రీకాకుళం మాజీ ఎంపీ బొడ్డేపల్లి రాజగోపాలరావు పేరు పెట్టారు.

కాగితం మీది ఆయకట్టు వేరు, శివారుకు అందే నీరు వేరు. ఉభాల (వరి నాట్ల) రోజుల్లో ఎగువన మదుములు తెరుచుకుంటే చివరి మండలాల రైతు కాలువ గట్టున కూర్చుని ఎదురుచూడాల్సిందే. పూడికా, గుర్రపుడెక్కా పేరుకున్న చోట లస్కర్లు ఎంత తిరిగినా ప్రవాహం కదలదు. గొట్టా నీటిని నిల్వ ఉంచుకునే కట్టడం కాదు. వరద వచ్చినప్పుడు నీరు సముద్రానికి పోతుంది, అవసరమైనప్పుడు ఉండదు. ప్రాజెక్టు రెండో దశ ప్రణాళికలు పుట్టింది ఇందుకే: ఎగువన నేరడి దగ్గర బ్యారేజీ కట్టి, వరద నీటిని కాలువ ద్వారా 19 టీఎంసీల హిరమండలం జలాశయానికి మళ్లించాలన్నది ఆలోచన.

నేరడి బ్యారేజీ ఎడమ కొస ఒడిశా నేలపై ఆనుతుంది. అందుకు కావలసింది 106 ఎకరాలు. ఒడిశా ఇవ్వనంది. దాంతో ఆంధ్రప్రదేశ్ నదికి అడ్డంగా ఏమీ కట్టకుండా, తన వైపు గట్టునే కాట్రగడ దగ్గర సైడ్‌వియర్ కట్టి, వరద కాలువలోకి నీరు తీసుకునే పథకం చేపట్టింది. ఒడిశా అభ్యంతరం దీని మీదే. పక్క నుంచి అంత నీరు లాగితే నది దారి మార్చుకుంటుందని, తమ వైపు పాయ ఎండిపోతుందని, భూగర్భ జలాలు దెబ్బతింటాయని వాదించింది. మామూలుగా నదుల తగాదాల్లో దిగువ రాష్ట్రం మొరపెట్టుకుంటుంది, ఎగువ రాష్ట్రం సమర్థించుకుంటుంది. ఇక్కడ ఫిర్యాది ఎగువ రాష్ట్రం. కృష్ణా, కావేరీ తగాదాలు టీఎంసీల చుట్టూ తిరిగితే వంశధార తగాదా గట్టు చుట్టూ, దాని పక్క నేల చుట్టూ తిరిగింది.

రాజ్యాంగంలోని 262వ అధికరణం కింద చేసిన 1956 నాటి అంతర్రాష్ట్ర నదీ జల వివాదాల చట్టం ప్రకారం, చర్చలతో తేలని తగాదాను కేంద్రం ట్రిబ్యునల్‌కు అప్పగించాలి. 2006 ఫిబ్రవరిలో ఫిర్యాదు చేసినా కేంద్రం కదలకపోవడంతో ఒడిశా సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆరు నెలల్లో ట్రిబ్యునల్ వేయమని 2009 ఫిబ్రవరి 6న కోర్టు ఆదేశించింది. ఆ తీర్పులో జస్టిస్ మార్కండేయ కట్జూ విడిగా రాసిన అభిప్రాయం ఆసక్తికరమైనది. నీటి కొరత తీరడానికి సముద్రపు నీటిని చవకగా మంచినీరుగా మార్చే పద్ధతులు కనిపెట్టేందుకు శాస్త్రవేత్తల సంఘాన్ని వేయాలని ఆయన సూచించారు. సముద్రం పక్కనే ఉండి తాగునీటికి అల్లాడే ఉద్దానానికి ఈ మాట చదివితే నవ్వాలో ఏడవాలో తెలియదు.

2010 ఫిబ్రవరి 24న జస్టిస్ ముకుందకం శర్మ అధ్యక్షతన ట్రిబ్యునల్ ఏర్పడింది. 2013 డిసెంబరు 17న ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వులో సైడ్‌వియర్‌కు షరతులతో అనుమతించింది: తీసుకోదగింది 8 టీఎంసీలే, అదీ జూన్ 1 నుంచి నవంబరు 30 లోపు, పర్యవేక్షణ కమిటీ కళ్లెదుట. 2017 సెప్టెంబరు 13 నాటి నివేదిక నేరడి బ్యారేజీకే పచ్చజెండా ఊపింది. 106 ఎకరాలను ఒడిశా సేకరించి ఇవ్వాలని, ఖర్చు ఆంధ్రప్రదేశ్ భరించాలని చెప్పింది. బ్యారేజీ పనిచేయడం మొదలయ్యాక సైడ్‌వియర్‌ను మూసేయాలి. సగం సగం వాటా అలాగే నిలిచింది. చట్టంలోని 5(3) సెక్షన్ కింద వివరణలు కోరే అవకాశం ఉన్నందున విచారణ మళ్లీ సాగి, 2021 జూన్‌లో తుది నిర్ణయం వెలువడింది. నేరడి అనుమతి చెక్కుచెదరలేదు.

అయినా పని మొదలుకాలేదు. ట్రిబ్యునల్ నిర్ణయాన్ని కేంద్రం గెజిట్‌లో ప్రకటిస్తేనే దానికి సుప్రీంకోర్టు డిక్రీతో సమానమైన బలం వస్తుంది. ఒడిశా మళ్లీ సుప్రీంకోర్టు తలుపు తట్టడంతో ఆ ప్రకటన ఆగింది. ఇలాంటి తగాదాల్లో కోర్టుల జోక్యాన్ని 1956 చట్టం నిషేధిస్తున్నా, ట్రిబ్యునల్ తీర్పులపై అప్పీళ్లు వినే అధికారం తనకుందని కావేరీ కేసులో 2016 డిసెంబరులో సుప్రీంకోర్టే తేల్చింది. 2021 నవంబరు 9న అప్పటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి జగన్మోహన్‌రెడ్డి భువనేశ్వర్ వెళ్లి అప్పటి ఒడిశా ముఖ్యమంత్రి నవీన్ పట్నాయక్‌తో నేరడి గురించి మాట్లాడారు. 2022లో జిల్లాల విభజనతో నేరడి, కాట్రగడ ఉన్న భామిని మండలం పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది, ఆయకట్టు మాత్రం శ్రీకాకుళంలో మిగిలింది.

ఈలోగా హిరమండలం జలాశయం కోసం పలు గ్రామాలు ఖాళీ అయ్యాయి. పరిహారం మీద నిర్వాసితుల ఆందోళనలు ఏళ్ల తరబడి నడిచాయి. రెండు రాష్ట్రాల వాదనల్లో వీరి గొంతుకు చోటు తక్కువ.

సాగుకోసం తలపెట్టిన ఆ జలాశయానికి తాగునీటి బాధ్యత తర్వాత వచ్చింది. ఉద్దానంలోని కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఏళ్లుగా ప్రబలుతున్న దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధికి కారణమేమిటో ఇదమిత్థంగా తేలలేదు. అయితే బోరు నీటిపై అనుమానం బలంగా ఉండడంతో, నదీజలాన్నే ఇంటింటికీ ఇవ్వాలని ప్రభుత్వం నిర్ణయించింది. సుమారు 700 కోట్ల రూపాయల ఉద్దానం మంచినీటి పథకాన్ని 2023 డిసెంబరు 14న కంచిలి మండలం మకరాంపురంలో ప్రారంభించారు. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమైందీ ఆ రోజే.

నేరడి ఎప్పటికి తేలుతుందో తెలియక, గొట్టా నుంచే నీటిని హిరమండలానికి ఎత్తిపోసే పథకాన్ని ఆంధ్రప్రదేశ్ 2022లో సుమారు 176 కోట్ల రూపాయలతో చేపట్టింది. నేరడి నుంచైతే నీరు వాలున దానంతటదే వస్తుంది. ఇక్కడ మోటార్లు తోడాలి.