‘ఇంగ్’ ప్రత్యయపు పూర్వవృత్తాంతము

‘ఐ యామ్ నోయింగ్ ది ఆన్సర్’ అని నేను బల్లమీదినుండి లేచి చెప్పినంతనే, మా ఆంగ్ల పంతులుగారు ఆ జవాబేదో అడుగకమున్నే అరచేత బెత్తముతో రెండు వడ్డించి, ‘నో’ అను క్రియకు ‘ఇంగ్’ తగిలింపరాదు, అంతే, అనిరి. ఆ ‘అంతే’ అను మాట వెనుక వేయియేండ్ల చరిత్ర గలదనియు, అందు చాలకాలము ఆంగ్లేయులకే ఈ కట్టుబాటు లేకుండెననియు నాకు తెలియుటకు నడివయసు రావలసివచ్చెను.

క్రీ.శ. 9వ శతాబ్దాంతమున, ఆల్‌ఫ్రెడ్ రాజు కాలములో లాటిను గ్రంథములు ఆంగ్లమునకు దిగుచుండగా, అందు ముఖ్యముగా ఒరోసియసు చరిత్రకు చేసిన అనువాదమున, ‘ఉండు’ ధాతువునకు ‘ఎండె’ అను ప్రత్యయము గల విశేషణమును జతచేసి, ‘పోరాడువాడై యుండెను’ అను తీరున కూర్చిన వాక్యములు తరచుగా కనబడును. అయితే అచ్చట ‘పోరాడెను’ అన్నను తప్పు లేదు. దీనికి తోడు మరియొక వాడుక యుండెను: క్రియనుండి పుట్టిన నామమునకు ‘ఆన్’ అను విభక్తిపదము చేర్చి ‘వేటలో నున్నాడు’ అనుట. ఆ ‘ఆన్’ నోటిలో నలిగి ‘ఎ’ అయి, ‘ఎ హంటింగ్’, ‘ఎ ఫిషింగ్’ అను రూపముల నిలిచి, తుదకు ఆ ‘ఎ’ కూడ జారిపోయెను. మధ్యయుగమున ‘ఎండె’ సైతము ‘ఇంగ్’లోనే లీనమయ్యెను. ఈ రెంటిలో నేటి రూపమునకు తల్లి యేది, కాక వేల్సువారి భాషాప్రభావమా, అని పండితులు చిరకాలముగా తగవులాడుచున్నారు. నాకు ఆ తగవులో పక్షము లేదు. 1611 నాటి బైబిలులో చేపలవేటకు బయలుదేరిన పీటరు నోట ఆ ‘ఎ’ ఇంకను చెక్కుచెదరక యుండుట మాత్రము నాకు ముచ్చటగా తోచును.

షేక్‌స్పియరును చూడుడు. హామ్లెట్ నాటకమున రాకుమారుడు పుస్తకము చేతబట్టి వచ్చుచుండగా, పొలోనియసు ఎదురై ఏమి చదువుచున్నారని అడుగును. కాని ఆ ప్రశ్న ‘ఇంగ్’ లేని శుద్ధరూపములోనే యున్నది. ఇప్పటి పరీక్షలో పిల్లవా డట్లు వ్రాసినయెడల మార్కు పోవుట నిశ్చయము. ట్రాయిలస్ అండ్ క్రెసిడా నాటకమున అదే ప్రశ్నను ఎకిలీజు యులిసీజును ‘ఇంగ్’తో అడుగును. ఒకే కవి, ఒకే ప్రశ్న, రెండు రూపములు. ఏది తప్పని ఎవరును పట్టుకొనలేదు. జరుగుచున్న పనికి ‘ఇంగ్’ తప్పనిసరి యగుట ఆ తరువాతి శతాబ్దముల మాట.

అంతకన్న వినోదము కర్మణిప్రయోగపు కథ. 18వ శతాబ్దమున ఇల్లు కట్టబడుచున్నదని చెప్పుటకు ‘ది హౌస్ ఈజ్ బిల్డింగ్’ అనుచుండిరి; ఇల్లే ఏదో కట్టుచున్నట్లు. ఆ శతాబ్దము చివర ‘ఈజ్ బీయింగ్ బిల్ట్’ అను కొత్త కూర్పు లేఖలలో తలయెత్తగా, 19వ శతాబ్దపు వ్యాకర్తలు దానిపై విరుచుకుపడిరి. గూల్డ్ బ్రౌన్ 1851లో అచ్చయిన తన మహావ్యాకరణమున దానిని నిరసించెను. రిచర్డ్ గ్రాంట్ వైట్ 1870 నాటి తన గ్రంథమున దానికై ఒక అధ్యాయమునే కేటాయించెను. ఆ యపభ్రంశమునే నేడు మన బాలురచేత తరగతిలో పదేపదే వల్లెవేయించుచున్నాము.

మన సంగతికి వత్తము. చిన్నయసూరి బాలవ్యాకరణము (1858) వర్తమానమునకు ‘వండుచున్నాడు’ అను రూపమును చెప్పి, ‘వండును’ అనుదానిని తద్ధర్మార్థకమని వేరుచేసెను. పాణిని నాటి ఆ పారిభాషికపదము స్వభావమును, అలవాటును తెలుపును. వంట యిప్పుడు పొయ్యిమీద నున్నదా, లేక వంట వాని నిత్యకృత్యమా అను భేదమిది. ఆంగ్లమునందలి రెండు రూపములకు ఇంత దగ్గర తాళపుచెవి మన బీరువాలోనే యుండగా, మా పంతులుగారు బెత్తమును వెదకుకొనిరి. అన్ని బీగములకును ఆ చెవి పట్టదు, నిజమే: ‘దేవుని నమ్ముచున్నాను’ అనుట మనకు సహజము, ఆంగ్లమున కాదు, ‘మా అన్న బ్యాంకులో పని చేయుచున్నాడు’ అనునది ఆదివారమునాడును చెల్లును. కాని నా తప్పు మాత్రము తెలుగునుండి వచ్చినది కాదు. ‘జవాబు నాకు తెలియును’ అని మనము తద్ధర్మములోనే అందుము గాని, ‘తెలియుచున్నది’ అనము. వర్తమానమనగా ‘యామ్’, ‘ఈజ్’, ‘ఇంగ్’ అని మొదటి పాఠమునుండి బట్టీపట్టించిన ఫలమే అది.

మొన్న మా పక్కింటి కుర్రవాడు ‘ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్’ అని వ్రాసి తెచ్చెను. ఇది వర్తమానమా, తద్ధర్మమా అని అడిగితిని. వాడు పెన్సిలు కొన కొరుకుచు కొంత తడవు ఊరకుండి, “చిన్నతమ్ముడు అమ్మమ్మగారింటికి పోయినాడండీ, అయినా తమ్ముడే గదండీ” అని, ‘యామ్’ను, ‘ఇంగ్’ను తానే కొట్టివేసెను.