పికప్ చేసుకో: మాట ఇంగ్లిష్, క్రియ తెలుగు

రెండు మెట్రో లైన్లు కలిసే అమీర్‌పేటలో "నన్ను పికప్ చేసుకో", మైత్రీవనం కోచింగ్ సెంటర్లలో "లాగిన్ అవ్వండి", పంజాగుట్ట నిమ్స్ దగ్గర "చెకప్ చేయించాం" అన్నవి రోజూ వినపడే మాటలే. ఇంగ్లిష్‌లో పిక్, అప్ రెండు వేరు మాటలు; కర్మ వాటి మధ్య చేరి 'పిక్ హిమ్ అప్' అవుతుంది. తెలుగులో ఆ వీలు లేదు. పికప్ ఒకే ముద్ద, ఒకే నామం. 'వాణ్ని పికప్ చేసుకో' అనాల్సిందే. చెకప్ చేశారు, చేయించుకున్నాం, అయింది: ఎవరు చేశారో, ఎవరికోసమో, పని ముగిసిందో లేదో చెప్పేది తెలుగు క్రియే.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. సంస్కృత నామానికి 'చేయు' చేర్చి 'ప్రయాణం చేయు' అన్నాం. ఉర్దూ ద్వారా వచ్చిన మాటలతో 'ఖర్చు చేయు', 'జమ చేయు', 'హాజరు అవు' అన్నాం. నిజాం కాలపు కచేరీ మాటలు నడిచిన దారిలోనే సాఫ్ట్‌వేర్ మాటలూ వచ్చాయి.

ఇలాగైతే మన క్రియలు మరుగున పడవా అనే భయం నిరాధారం కాదు. 'గివప్ చేశా' అనేవారికి 'వదిలేశా' అనే పొట్టి మాట చేతిలోనే ఉంది. పైగా వదిలేయు, పడిపోవు వంటి వాటిలో రెండో క్రియ తెచ్చే ముగింపు భావం, ఇంగ్లిష్‌లో అప్, అవుట్ తెచ్చే భావానికి చాలాచోట్ల దగ్గర. స్పోకెన్ ఇంగ్లిష్ గురువులు ఈ పోలిక చూపితే విద్యార్థికి బట్టీ భారం తగ్గుతుంది. లాగిన్‌కు వాడుకలో సాటి మాట లేదు, ఉండనిద్దాం. వదిలేయడాన్ని మాత్రం వదులుకోవద్దు.