క్లైవు దొర ఇల్లు

దగ్గరికి జరుగమ్మడూ, ఇంకో కట్టె వేస్తాను. పొద్దున ఈషర్‌లో క్లేర్‌మాంట్ తోట చూశాం కదా, ఆ గడ్డిమెట్ల మీంచి దొర్లి గౌనంతా పచ్చమరకలు చేసుకున్నావు కూడానూ. ఆ పక్కనే ఉన్న స్తంభాల బంగళా 1931 నుంచీ బడి. అంతకుముందు ముచ్చట చెబుతాను, విను.

నాటకాలు రాసే వాన్‌బ్రూ 1708లో అక్కడ తనకోసం చిన్న ఇల్లు కట్టుకున్నాడు. దాన్ని క్లేర్ ప్రభువు కొన్నాడు, పేరు అలా వచ్చిందే. ఆయన పోయాక 1769లో రాబర్ట్ క్లైవు కొన్నాడు.

క్లైవు మనకి తెలియనివాడేం కాదు. విజయనగరం ఆనందగజపతి కబురంపితే 1758లో బెంగాలు నుంచి కర్నల్ ఫోర్డుని పంపింది ఆయనే. చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్లు ఓడారు. మరుసటేడు ఏప్రిల్లో మన బందరు కోటా పడింది. 1765లో ఢిల్లీ పాదుషా చేత ఉత్తర సర్కారులకి ఫర్మానా రాయించుకున్నదీ ఈ క్లైవే.

ఆయన డబ్బు మాత్రం చాలావరకు బెంగాలుది, ప్లాసీ యుద్ధం తర్వాత మీర్ జాఫర్ ముట్టజెప్పింది. ఆ డబ్బుతో పాత ఇల్లు పడగొట్టించి, మెరక మీద కొత్తది లేపాడు. ఇంటికీ తోటకీ లక్ష పౌన్ల పైనే పోశాడు. గోడలు ఎంత మందమంటే, సైతాను వచ్చి తనని ఎత్తుకుపోకుండా అలా కట్టించుకున్నాడని చుట్టుపక్కల రైతులు చెప్పుకునేవారట. చరిత్రకారుడు మెకాలే రాశాడు ఆ మాట. పాపభీతి గోడలకి ఆగుతుందా తల్లీ! ఇల్లు పూర్తయిన 1774లోనే, నవంబరులో, లండన్‌లో పోయాడు. ఆ ఇంట్లో కాపురం చేసే యోగమే లేకపోయింది.

ఆ తర్వాత ఎన్నో చేతులు మారింది. 1816లో షార్లెట్ యువరాణి కోసం ప్రభుత్వమే కొంది. మరుసటేడే, ఇరవై ఒక్కేళ్లకి, చచ్చిపుట్టిన మగబిడ్డని కని తనూ కన్నుమూసింది పాపం. ఎవరికీ అచ్చిరాలేదమ్మా ఆ ఇల్లు.

ఇంకో సంగతి. 1848లో గద్దె పోగొట్టుకుని పారిపోయొచ్చిన ఫ్రెంచి రాజు లూయీ ఫిలిప్ తలదాచుకున్నది అక్కడే, 1850లో పోయిందీ అక్కడే. ఫ్రెంచివాళ్లని బందరు నుంచి వెళ్లగొట్టించిన మనిషి కట్టించిన ఇంట్లో!

వేసవి సెలవులకి బందరు రా. ఆ కోటలో మిగిలిన గోడలు నీకు దగ్గరుండి చూపిస్తాను.