గేమింగ్ పీసీలో ముందు ఏం మార్చాలి? ముప్పై ఏళ్ల కథ

2015లో ‘జీటీఏ 5’ పీసీకి వచ్చింది. అప్పుడు నేను బీటెక్. మాది పిడుగురాళ్ల. నాన్న మిరపకాయలు అమ్మిన డబ్బులో కొంత అడిగి తీసుకుని, 4 జీబీ ర్యామ్‌ని 8 చేశా. గేమ్ మాత్రం ల్యాగ్ అవుతూనే ఉంది. ఎందుకంటే ఆ గేమ్‌కి కనీసం 4 జీబీ ర్యామ్ చాలు, కానీ 1 జీబీ గ్రాఫిక్స్ కార్డు ఉండాలి. నా పీసీలో అసలు కార్డే లేదు!

చరిత్ర తెలిసుంటే ఆ డబ్బు మిగిలేది. 1993లో ‘డూమ్’ వచ్చినప్పుడు బొమ్మ గీసే పనంతా ప్రాసెసర్‌దే. ప్రాసెసర్ మారిస్తే గేమ్ పరిగెత్తేది. 1996లో వూడూ కార్డు వచ్చి 3డీ బొమ్మల పని చాలావరకు తను తీసుకుంది. 1999లో ఎన్విడియా జీఫోర్స్ 256 ఇంకొన్ని లెక్కలు కూడా ప్రాసెసర్ నుంచి లాగేసుకుంది. 2023లో ‘స్టార్‌ఫీల్డ్’ అయితే ఎస్ఎస్‌డీ తప్పనిసరి అంది.

అంటే బరువు ఎప్పుడూ ఒకచోటే ఉండదు. కొనేముందు గేమ్ ఆడుతూ టాస్క్ మేనేజర్ తెరవండి. గ్రాఫిక్స్ కార్డు 100 శాతం దగ్గర ఉంటే దాన్నే మార్చాలి. దానికి సరిపడా ఎస్ఎంపీఎస్ ఉందో లేదో కూడా చూసుకోండి.

ఇంకోటి, మన ఊళ్లో సున్నం బట్టీల దుమ్ము ఉంది కదా. వేడెక్కిన ప్రాసెసర్ తనంతట తానే నెమ్మదిస్తుంది. అందుకే ముందు పీసీ ఆపేసి, క్యాబినెట్ తెరిచి ఫ్యాన్లు తుడవండి. రూపాయి ఖర్చు లేదు. ఆ తర్వాతే నాన్నని డబ్బులు అడగండి.