రాతి మీద గళ్ళు, నోటి మీద ఆట

నగరాలలో వారాంతపు సాయంత్రాలు పదిమంది ఔత్సాహికులు ఒకచోట చేరి, బల్ల మీద పటం పరచి ఆటలాడుకొనే కూటములు ఈమధ్య తరచుగా కనిపిస్తున్నాయి. కొత్త ఆట తెచ్చిననాడు అక్కడ మొదటి అరగంట ఆట సాగదు. ఒకరు అట్టపెట్టెలోంచి నియమాల పుస్తకం తీసి చదువుతారు, తక్కినవారు వింటారు, ఒకరిద్దరు అడ్డుప్రశ్నలు వేస్తారు. ఆటకంటె ఆ అరగంటే నాకు ఎక్కువ ఆసక్తిగా తోస్తుంది. మన పులిజూదానికీ, వామనగుంటలకూ, అష్టాచెమ్మాకూ అటువంటి పుస్తకం అవసరమే లేకపోయింది. తెలిసినవారి పక్కన కూర్చుని చూడడమే చదువు. పక్కన కూర్చొనేవారు ఉన్నంతకాలం ఆ పద్ధతికి లోటు లేదు.

హంపి శిథిలాలలో మండపాల నేలపైన, బండలపైన ఆటల పటాలు గీసి ఉన్నాయి. వాటిలో పులిజూదం పటాన్ని మనవాళ్ళు చూడగానే పోల్చుకుంటారు. మండపం పదిహేనవ శతాబ్దిది అయినంత మాత్రాన దాని నేల మీది గీత కూడా అప్పటిదే కానక్కరలేదు. ఎండవేళ నీడకు చేరిన పశులకాపరి ఎవరైనా ఆ తరువాత ఎప్పుడో గీసి ఉండవచ్చు. (ఇటువంటి పటం కనబడగానే "రాయలవారు ఆడిన ఆట" అనడం మనకున్న ఒక బలహీనత.) మూడు పులులు, పదిహేను మేకలు. పులి మేక మీదుగా దూకి చంపుతుంది. మేకలు గుంపు కట్టి పులిని కదలనీయకుండా బిగిస్తాయి. రెండు పక్షాలకూ బలం వేరు, గెలుపు వేరు. అయినా ఆట సరితూగుతుంది. నేపాలులో దీనికి బంధువైన బాఘ్‌చాల్‌లో నాలుగు పులులు, ఇరవై మేకలు. అయిదు మేకలు చస్తే పులులదే గెలుపు. మరి మన ఆటలో ఎన్ని మేకలు పోతే ఆట ముగిసినట్లు? ఊరికొక లెక్క చెబుతారు. రాతి మీది గీత ఆ లెక్క చెప్పదు.

రాతిమాట అటుంచి, వాఙ్మయంలో పదిలపడిన ఆట గతి కూడా ఇంతే. ఋగ్వేదం పదవ మండలంలో ముప్పైనాలుగవ సూక్తం జూదరి విలాపం. తాండ్రకాయలే అక్కడ పాచికలు. ఆలు దూరమైన దుఃఖం, అత్తగారి ద్వేషం, మానుకోవాలనుకొని కూడా కాయల చప్పుడు వినగానే పరుగెత్తే కాళ్ళు, అన్నీ ఉన్నాయి. ఆ కాయలతో ఎలా ఆడారో మాత్రం పండితులు నేటికీ తర్జనభర్జన పడుతూనే ఉన్నారు. వినేవారికి ఆట తెలుసు గనుక ఋషి చెప్పలేదు. అందరికీ తెలిసినదాన్ని ఎవరు రాస్తారు?

ఇందుకు అన్నిటికంటె వింతైన ఉదాహరణ మన దేశపు కొస దాకా వచ్చి ఆగుతుంది. 1920లలో లెనార్డ్ వూలీ ఇరాక్‌లోని ఊర్ నగరపు రాజసమాధులను తవ్వినప్పుడు, ఇరవై గళ్ళున్న అందమైన ఆటపలకలు బయటపడ్డాయి. వాటి వయస్సు సుమారు నాలుగువేల అయిదువందల ఏళ్ళు. అవే ఇరవై గళ్ళు క్రీ.పూ. ఎనిమిదవ శతాబ్దిలో అస్సీరియా రాజు సర్గోను కోట ద్వారం వద్ద, మనిషి తలా రెక్కలూ గల రాతి ఎద్దు పీఠం మీద గీకి ఉన్నాయి. కావలి కాసేవారికి పొద్దుపోక గీసుకున్నవే అయి ఉంటాయి. హంపి మండపానికీ ఈ కోటకూ పెద్ద తేడా నాకేమీ కనబడదు.

పలక దొరికింది, కాయలు దొరికాయి, ఆట దొరకలేదు. తరువాత బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న ఒక మట్టిఫలకాన్ని ఇర్వింగ్ ఫింకెల్ చదివి, అందులో ఉన్నది ఈ ఆట నియమాలని తేల్చాడు. బాబిలోనియా లేఖకుడొకడు క్రీ.పూ. 177 ప్రాంతంలో రాసిపెట్టిన ఫలకమది. అందులో కాయలకు పక్షుల పేర్లున్నాయి. ఊర్ పలకకూ ఈ రాతకూ నడుమ రెండువేల ఏళ్ళకు పైగా ఎడం ఉన్నందున, ఊర్ రాజులు అచ్చం ఇలాగే ఆడారని చెప్పలేం.

వింత ఇక్కడ ఉంది. ఇరవై గళ్ళ ఆట కొద్ది మార్పులతో కొచ్చిన్ యూదుల ఇళ్ళలో ఇరవయ్యవ శతాబ్దిదాకా బతికే ఉన్నది. వారిలో ఎక్కువమంది 1950లలో ఇజ్రాయిల్‌కు తరలిపోయారు. అలా వెళ్ళి అక్కడ వృద్ధురాలైన ఒక మహిళకు చిన్ననాడు ఆడిన ఆ ఆట జ్ఞాపకం ఉన్నది. పరిశోధకులు అడిగారు గనుక ఆమె చెప్పింది. ఇంకో పదేళ్ళు ఆలస్యమైతే ఆ గొలుసు అక్కడే తెగిపోయేది.

ఆటను శ్రద్ధగా రాయించినవారు మన దేశంలో లేకపోలేదు, కాని వారు ఎక్కువగా రాజులు. అక్బరు కొలువులో చౌపడ్ ఎలా ఆడేవారో అబుల్ ఫజల్ ఐనీ అక్బరీలో వివరించాడు. ఒక్కొక్కప్పుడు రెండువందల మందికి పైగా ఆడేవారట; పదహారు ఆటలు పూర్తికానిదే ఎవరూ ఇంటికి పోరాదు; అది మూడు నెలలు పట్టిన సందర్భాలూ ఉన్నాయట; ఓపిక నశించి విసుక్కున్నవాడు ఒక గిన్నెడు మద్యం తాగాలి. నేటి కూటములవారు ఈ శిక్షను పరిశీలించవచ్చు. మైసూరులో ముమ్మడి కృష్ణరాజ ఒడయరు చేతినుండి 1831లో ఆంగ్లేయులు పరిపాలన లాగుకున్న తరువాత, 1868లో మరణించేవరకు ఆయనకు తీరిక ఎక్కువైంది. కొత్త ఆటలు కల్పించాడు, పటాలు గీయించాడు. శ్రీతత్త్వనిధిలో చివరిదైన కౌతుకనిధి ఆటలకే కేటాయించినది. రాజ్యం పోయిన రాజు ఆటలకు చేసిన మేలు రాజ్యమేలిన రాజులు చాలామంది చేయలేదు.

పచ్చీసు ఇంగ్లండు చేరి, గవ్వలు పోయి ఒంటి పాచిక వచ్చి, 1896 నాటికి లూడోగా అచ్చయింది. నియమాలు కాగితానికెక్కి అన్ని ఇళ్ళలోనూ ఒకటే అయ్యాయి. తిరిగి మన ఇళ్ళకే వచ్చి అష్టాచెమ్మా పటాన్ని పక్కకు నెట్టింది. దానిలో కుట్ర ఏమీ లేదు. రాసిన ఆట ముందు రాయని ఆట నిలవలేదు, అంతే.

అష్టాచెమ్మా అంటే నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చెమ్మ, బోర్లా పడితే అష్ట. అయిదేసి గళ్ళ చతురస్రం, నాలుగేసి కాయలు, నడి గడికి చేరితే పండు. ఇంతవరకు తగవు లేదు. ఎదుటివారి కాయను ఒక్కటైనా చంపనిదే లోపలి గళ్ళలోకి పోరాదంటారు కొందరు. ఆ కట్టుబాటే లేదంటారు మరికొందరు. వరుసగా మూడుమార్లు పెద్ద పందెం పడితే అంతా మురిగిపోతుందని ఒక ఇంటి మాట. ఎన్ని పడితే అన్నీ చెల్లుతాయని ఇంకొక ఇంటిది. జంట కాయలను జంట కాయలే చంపాలా, ఒంటి కాయ చాలునా?

మీ ఇంట ఎలా ఆడేవారో ఈ సెలవులకు ఊరు వెళ్ళినప్పుడు అమ్మమ్మగారినో, మేనత్తగారినో అడగండి. అడిగి ఊరుకోక, ఊరి పేరుతో సహా రాసి పెట్టండి.