మాటర్‌హార్న్: అధిరోహణ చరిత్ర

మాటర్‌హార్న్ ఆల్ప్స్ పర్వతాల్లో స్విట్జర్లాండ్, ఇటలీ సరిహద్దు మీద నిలిచిన రాతి శిఖరం. ఎత్తు 4,478 మీటర్లు. స్విస్ వైపు జెర్మాట్, ఇటలీ వైపు బ్రొయి దీనికి దగ్గరి ఊళ్లు. ఇటాలియన్లు దీన్ని చెర్వీనో అంటారు. ఆల్ప్స్‌లో ఇంతకంటే ఎత్తైన మో బ్లాను 1786లోనే ఎక్కేశారు. మాటర్‌హార్న్ మాత్రం 1865 దాకా ఎవరికీ అందలేదు. దీని చరిత్రను సాధారణంగా ఎడ్వర్డ్ వింపర్ అనే ఆంగ్లేయుడి గెలుపుగా, ఆ వెంటే జరిగిన ఘోర ప్రమాదంగా చెప్పుకుంటారు. ఆ కథనం చాలావరకు 1871లో వింపర్ స్వయంగా రాసి ప్రచురించిన పుస్తకం నుంచి వచ్చింది. అయితే ఈ కొండను ఎక్కవచ్చని ముందుగా నమ్మినవాళ్లలో, దాని రాళ్లను చేత్తో తడిమి తెలుసుకున్నవాళ్లలో, ఎక్కించినవాళ్లను ప్రాణాలతో దింపడానికి తమ ప్రాణాలిచ్చినవాళ్లలో ఆ రెండు లోయల రైతులు, వేటగాళ్లు, గైడ్లు ఉన్నారు. వాళ్లను పక్కన పెట్టి చెబితే ఈ చరిత్ర సగమే అవుతుంది.

కొండ తీరు

ఆఫ్రికా వైపు భూఫలకం ఐరోపా ఫలకాన్ని ఢీకొన్నప్పుడు ఆల్ప్స్ పైకి లేచాయి. మాటర్‌హార్న్ పై భాగంలోని నైస్ శిల ఆఫ్రికా వైపు ఫలకానికి చెందినది. దాని కింద ఒకప్పటి సముద్రగర్భపు రాళ్లు ఉన్నాయి. అన్ని పక్కల నుంచీ హిమానీనదాలు తొలుచుకుంటూ రావడంతో మధ్యలో నాలుగు ముఖాల పిరమిడ్ మిగిలింది. ముఖాలు నాలుగు దిక్కులకూ తిరిగి ఉంటాయి. అవి కలిసే చోట నాలుగు అంచులు ఏర్పడ్డాయి: ఈశాన్యాన హోర్న్‌లీ, వాయవ్యాన జ్‌ముట్, ఆగ్నేయాన ఫుర్గెన్, నైరుతిన లయన్.

జెర్మాట్ నుంచి చూస్తే తూర్పు ముఖం నిట్టనిలువుగా కనిపిస్తుంది. నిజానికి దాని వాలు సుమారు 40 డిగ్రీలే. రాతి పొరలు నైరుతి దిక్కుకు వంగి ఉండటం వల్ల తూర్పు వైపున అవి మెట్లలా ఏర్పడ్డాయి, ఇటలీ వైపున మాత్రం అంచులు కిందికి జారి కాలికి పట్టు దొరకకుండా చేశాయి. ఈ సంగతి గ్రహించడానికి చాలా ఏళ్లు పట్టింది. చూపులకు సులువుగా ఉన్న ఇటలీ వైపు నుంచే తొలి ప్రయత్నాల్లో చాలావరకు సాగాయి, అక్కడే ఆగిపోయాయి.

కారెల్, వింపర్

1857లో ఇటలీ వైపు వాల్‌తుర్నాంష్ లోయ నుంచి ముగ్గురు స్థానికులు ఈ కొండ మీదికి బయల్దేరారు. వాళ్లలో ఒకరు వేటగాడు, మాజీ సైనికుడు జాన్ ఆంత్వాన్ కారెల్. ఇంకొకరు అప్పటికి పాఠశాలలో మతవిద్య చదువుతున్న అమే గోరే. వాళ్లు ఎంతో పైకి వెళ్లలేకపోయారు గానీ, ఈ శిఖరం తమ లోయదనీ, తమ వైపు నుంచే ఎక్కాలనీ కారెల్ మనసులో ఆనాడే గట్టిగా నాటుకుంది. అతను ఇటలీ ఏకీకరణ యుద్ధాల్లో పోరాడినవాడు. దేశం పట్ల ఉన్న పట్టుదలే కొండ పట్లా ఉండేది.

వింపర్ లండన్‌లో చెక్క మీద బొమ్మలు చెక్కే పనివాడు. 1860లో ఒక ప్రచురణకర్త ఆల్ప్స్ బొమ్మలు గీసుకురమ్మని పంపితే ఇరవై ఏళ్ల వయసులో ఇక్కడికి వచ్చాడు. 1861 నుంచి పదేపదే ఇటలీ వైపు నుంచి ప్రయత్నించాడు. కొన్నిసార్లు కారెల్‌తో, కొన్నిసార్లు అతను లేకుండా. గుడారం మోసే పని బ్రొయికి చెందిన లూక్ మేనే అనే గూని మనిషిది. అతని గురించి వింపర్ రాసిన మాటల్లో నిజమైన అభిమానం కనిపిస్తుంది. 1862లో ఒంటరిగా దిగుతూ వింపర్ జారి సుమారు 60 మీటర్లు దొర్లిపోయాడు. తల పగిలినా బతికాడు. కొద్ది రోజుల్లోనే మళ్లీ కొండ మీదికి వెళ్లాడు.

అదే ఏడాది భౌతిక శాస్త్రవేత్త జాన్ టిండల్ తన స్విస్ గైడు బెనెన్‌తో కలిసి లయన్ అంచు మీద, ఈనాడు అతని పేరుతో పిలిచే భుజం దాకా చేరాడు. శిఖరం అక్కడి నుంచి ఎంతో దూరం లేదు. ఆ బృందంలో కారెల్ కూడా ఉన్నాడు. కానీ దారి అందరికంటే బాగా తెలిసిన అతన్ని బరువులు మోసే మనిషిగా తీసుకెళ్లారు. ఇక ముందుకు ఎలా వెళ్లాలో అతను చొరవ తీసుకుని చెప్పలేదు. బృందం అక్కడి నుంచే వెనుదిరిగింది. గైడు హోదా అన్నది ఆ లోయల్లో కూలి డబ్బుకు మించిన గౌరవం. ఆ గౌరవం దక్కనిచోట కారెల్ మౌనంగా ఉండిపోవడాన్ని తప్పుపట్టడం కష్టం.

1863లో ఇటలీలో పర్వతారోహణ సంఘం ఏర్పడింది. దాని స్థాపకుడు క్వింతీనో సెల్లా మాటర్‌హార్న్‌ను ఇటాలియన్లే మొదట ఎక్కాలని కోరుకున్నాడు. 1865 జులైలో ఇంజినీరు ఫెలిచే జోర్దానో ఆ పనికి కారెల్‌ను కుదుర్చుకున్నాడు. తనతో వస్తాడనుకున్న కారెల్ ఇటాలియన్ల బృందంతో కొండెక్కుతున్నాడని జులై 11న తెలుసుకుని వింపర్ నిర్ఘాంతపోయాడు. అప్పుడే బ్రొయికి వచ్చిన 18 ఏళ్ల లార్డ్ ఫ్రాన్సిస్ డగ్లస్‌తో కలిసి మరునాడే థియోడుల్ కనుమ దాటి జెర్మాట్ చేరాడు. అక్కడ చార్లెస్ హడ్సన్ అనే మతాచార్యుడు, 19 ఏళ్ల డగ్లస్ హాడో, షమొనీకి చెందిన గైడు మిషెల్ క్రో అదే శిఖరం కోసం సిద్ధమవుతూ కనిపించారు. రెండు బృందాలూ కలిశాయి. జెర్మాట్ గైడు పెద్ద పీటర్ తౌగ్‌వాల్డర్, అతని కొడుకు చిన్న పీటర్ తోడయ్యారు. ఇందులో హాడోకు ఎత్తైన కొండల అనుభవం చాలా తక్కువ.

1865 జులై 14

జులై 13న ఏడుగురూ హోర్న్‌లీ అంచు పక్కనుంచి ఎక్కి, రాత్రి గుడారంలో గడిపారు. నిట్టనిలువుగా కనిపించిన తూర్పు ముఖం మెట్లెక్కినంత తేలికగా సాగింది. మరునాడు మధ్యాహ్నం 1.40కి శిఖరం చేరారు. అవతలి వైపు చాలా కిందుగా కారెల్ బృందం చుక్కల్లా కనిపించింది. తాము వచ్చామని తెలియడానికి వింపర్, క్రో కేకలు వేసి రాళ్లు దొర్లించారు. ఇటాలియన్లు అది చూసి వెనుదిరిగారు.

దిగే వరుస ఇలా ఉంది: ముందు క్రో, తర్వాత హాడో, హడ్సన్, డగ్లస్, పెద్ద పీటర్, వింపర్, చివర చిన్న పీటర్. క్రో తన మంచుగొడ్డలి పక్కన పెట్టి, హాడో పాదాలను రెండు చేతులతో పట్టుకుని ఒక్కొక్కటిగా రాతి మీద ఆనిస్తున్నాడు. తన తర్వాతి అడుగు వేయడానికి క్రో అటు తిరిగిన క్షణంలో హాడో జారి అతన్ని తాకాడు. ఇద్దరూ పడిపోయారు. ఆ ఊపుకు హడ్సన్, డగ్లస్ కూడా లాగబడ్డారు. పై ముగ్గురూ రాతిని పట్టుకుని నిలిచారు. డగ్లస్‌కీ పెద్ద పీటర్‌కీ మధ్య తాడు తెగింది. నలుగురూ ఉత్తర ముఖం మీదుగా సుమారు 1,200 మీటర్ల కింద ఉన్న హిమానీనదం మీద పడ్డారు. ముగ్గురి శరీరాలు దొరికాయి. డగ్లస్ శరీరం ఎన్నడూ దొరకలేదు.

ఆ రోజు బృందం దగ్గర మూడు రకాల తాళ్లున్నాయి. తెగినది వాటిలో అన్నింటికంటే సన్నదీ, పాతదీ. అవసరమైతే రాళ్లకు కట్టి వదిలేయడానికి తెచ్చుకున్నది. అది మనుషుల మధ్యకు ఎలా వచ్చిందన్న ప్రశ్న పెద్ద పీటర్‌ను జీవితాంతం వెంటాడింది. అతనే తాడు కోశాడన్న పుకారు లేచింది. జెర్మాట్‌లో జరిగిన విచారణ అతన్ని నిర్దోషిగా తేల్చింది. వింపర్ పుస్తకం మాత్రం, కోశాడన్న మాటను కొట్టిపారేస్తూనే, ఆ సన్న తాడును కావాలనే వాడాడేమోనన్న అనుమానాన్ని బతికించింది. ఇందులో న్యాయం లేదు. కొండ మీద నిలబడి, తాడు తెగేదాకా ఆ బరువును ఆపినవాడు పెద్ద పీటరే. బలమైన తాడు వాడి ఉంటే ఏడుగురూ పోయి ఉండవచ్చు కూడా. ఆ కాలపు జనపనార తాళ్లు సాగవు. పడుతున్నవాళ్ల బరువు ఒక్క కుదుపుగా తగులుతుంది. సాగే నైలాన్ తాళ్లు రెండో ప్రపంచ యుద్ధ కాలం నాటివి. తెగిన ఆ తాడు ముక్క ఇప్పుడు జెర్మాట్ మ్యూజియంలో ఉంది.

జులై 17న కారెల్, జాన్ బాప్టిస్ట్ బిక్ లయన్ అంచు మీదుగా శిఖరం చేరారు. ఓడిపోయామని ఊరు నిరాశలో ఉండగా మళ్లీ వెళ్దామని పట్టుబట్టింది అప్పటికి మతాచార్యుడైన అమే గోరే. శిఖరం దగ్గర్లో ఒక కష్టమైన చోట తిరిగి వచ్చేవాళ్లకు సాయంగా ఎవరో ఆగాల్సి వస్తే, అతనే అగుస్తాన్ మేనేతో కలిసి ఆగిపోయాడు. ఎనిమిదేళ్ల కల చేతికందే దూరంలో ఉండగా అతను చేసిన ఆ పని, ఈ కొండ చరిత్రలో శిఖరం చేరడంతో సమానమైనది.

తర్వాత వింపర్, కారెల్ మళ్లీ దగ్గరయ్యారు. 1880 జనవరి 4న ఈక్వెడార్‌లోని చింబొరాజోను ఇద్దరూ కలిసి తొలిసారి ఎక్కారు. 1890 ఆగస్టులో కారెల్ తన కొండ మీదే తుపానులో చిక్కుకున్నాడు. తనతో వచ్చిన సంగీతకారుడు లియోనే సినిగాలియాను గంటల తరబడి నడిపించి ప్రమాదం లేని చోటికి చేర్చి, అక్కడే అలసటతో కూలి చనిపోయాడు. వయసు 61.

తర్వాతి దారులు

1871 జులైలో లూసీ వాకర్ ఈ శిఖరం ఎక్కిన తొలి మహిళ అయింది. అదే వేసవిలో మెటా బ్రెవూర్ట్ ఒక వైపు ఎక్కి రెండో వైపు దిగింది. 1879లో జ్‌ముట్ అంచును ఆల్బర్ట్ మమ్మరీ ఎక్కాడు. గైడు అలెగ్జాండర్ బుర్గెనర్ అతని వెంట ఉన్నాడు. ఇదే మమ్మరీ 1895లో నంగా పర్బత్ మీద ఇద్దరు గూర్ఖాలతో పాటు కనుమరుగయ్యాడు. ఫుర్గెన్ అంచు 1911లో పూర్తయింది.

ఉత్తర ముఖం మరో తరం కోసం మిగిలింది. ఎండ తగలని రాయి, దాని మీద పలుచటి మంచు, పైనుంచి ఎడతెగకుండా రాళ్లు. 1931లో మ్యూనిక్ నుంచి ఫ్రాంజ్, టోనీ ష్మిడ్ అనే అన్నదమ్ములు సైకిళ్ల మీద జెర్మాట్ వచ్చారు. జులై 31న మొదలుపెట్టి, ఒక రాత్రి ముఖం మీదే గడిపి, ఆగస్టు 1న తుపాను మధ్య శిఖరం చేరారు. 1932 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో పర్వతారోహణకు ఇచ్చిన బంగారు పతకం వాళ్లదే. అది అందేనాటికే టోనీ మరో కొండ మీద చనిపోయాడు. 1965లో, తొలి అధిరోహణకు నూరేళ్లు నిండిన ఏడాది ఫిబ్రవరిలో, ఇటలీకి చెందిన వాల్టర్ బొనాట్టీ చలికాలంలో ఒంటరిగా ఉత్తర ముఖం మీద కొత్త దారిలో ఎక్కాడు. ఆ జులైలో ఈవెట్ వొషే ఆ ముఖం ఎక్కిన తొలి మహిళ అయింది. 2015లో డానీ ఆర్నాల్డ్ అదే ముఖాన్ని 1 గంట 46 నిమిషాల్లో ఎక్కాడు.

ఈనాటి అధిరోహణ

ఇప్పుడు ఎక్కువమంది వెళ్లేది హోర్న్‌లీ అంచు మీదుగానే. 3,260 మీటర్ల దగ్గరున్న హోర్న్‌లీ విడిది నుంచి తెల్లవారుజామునే చీకట్లో తలదీపాలతో బయల్దేరతారు. స్థానిక గైడ్లు ముందు వెళ్లడం అక్కడి ఆనవాయితీ. ఒక్కో గైడుకు ఒక్కరే అతిథి. నిలువుగా 1,200 మీటర్లకు పైగా ఎక్కాలి. అలవాటైనవాళ్లకు పైకి నాలుగైదు గంటలు, కిందికీ దాదాపు అంతే. చాలా చోట్ల రాయి వదులుగా ఉంటుంది. చీకట్లో ఒక్క మలుపు తప్పినా తూర్పు ముఖం మీది ఊడిపోయే రాళ్లలోకి వెళ్లిపోతారు. దారి తెలిసిన మనిషి విలువ కారెల్ కాలంలో ఎంతో, ఇప్పుడూ అంతే. 4,003 మీటర్ల దగ్గర సోల్వే విడిది ఉంది. పది పడకల ఆ చిన్న గది ఆపదలో తలదాచుకోవడానికే. దాని పైన నిట్టనిలువు చోట్ల మందపాటి తాళ్లు శాశ్వతంగా కట్టి ఉన్నాయి.

1865 నుంచి ఈ కొండ మీద చనిపోయినవాళ్లు 500కు పైనే. ఎక్కువ ప్రమాదాలు దిగేటప్పుడే జరుగుతాయి. శిఖరం చేరాక ఒంట్లో సత్తువా, మనసులో జాగ్రత్తా రెండూ తగ్గుతాయి. 1968లో మొదలైన ఎయిర్ జెర్మాట్ హెలికాప్టర్లు రావడంతో చాలామంది బతుకుతున్నారు. భారతీయులకు ఈ కొండ ఎక్కువగా ఫొటోల్లోనే పరిచయం. 2020 ఏప్రిల్‌లో కరోనా రోజుల్లో దాని మీద మన త్రివర్ణ పతాకాన్ని కాంతితో చూపించినప్పుడు ఆ చిత్రం దేశమంతా తిరిగింది.

రాళ్లను పట్టి ఉంచే లోపలి మంచు ఇటీవలి దశాబ్దాల్లో కరుగుతోంది. 2003 జులైలో, ఐరోపా అంతా వడగాడ్పులో మగ్గుతున్నప్పుడు, హోర్న్‌లీ అంచు మీద ఒక పెద్ద రాతి భాగం విరిగిపడింది. పైన ఉన్న సుమారు 90 మందిని హెలికాప్టర్‌లో దింపి, దారిని కొన్నాళ్లు మూసేశారు. విరిగిన చోట పగుళ్లలో పాత మంచు బయటపడి మెరిసింది. ఆ తర్వాత శాస్త్రవేత్తలు దాదాపు 3,500 మీటర్ల దగ్గర ఆ అంచులోనే ఉష్ణోగ్రతనూ పగుళ్ల కదలికనూ కొలిచే పరికరాలు అమర్చారు. 2015లో తిరిగి కట్టిన హోర్న్‌లీ విడిదిలో పడకలను 170 నుంచి 130కి తగ్గించి, చుట్టుపక్కల గుడారాలు వేయడాన్ని నిషేధించారు. ఆ ఏడాది జులై 14న, తొలి అధిరోహణకు 150 ఏళ్లు నిండిన రోజున, చనిపోయినవాళ్లందరి గౌరవార్థం జెర్మాట్ వైపు నుంచి ఎవర్నీ కొండ మీదికి వెళ్లనివ్వలేదు.